కుంచం కింద దీపం ఎంతసేపు వెలిగింది? ఒక సండే స్కూల్ టీచరు ప్రాజెక్టు డైరీ

ఎందుకు మొదలైంది

గద్ద కథ చెప్పి పిల్లల ముందు పరువు పోగొట్టుకున్నాను. ఈ డైరీ అందుకే.

ఆ కథ మీరూ వినే ఉంటారు. నలభై ఏళ్లు వచ్చేసరికి పక్షిరాజు ముక్కు వంకరపోతుందట, గోళ్లు మొద్దుబారతాయట. కొండ మీదికి పోయి ముక్కును బండకేసి కొట్టి ఊడగొట్టుకుంటుందట. కొత్త ముక్కు మొలిచాక గోళ్లూ ఈకలూ పీకేసుకుని, నూట యాభై రోజుల తర్వాత మళ్లీ కుర్రదై ఇంకో ముప్పై ఏళ్లు బతుకుతుందట. 2024 జూన్‌లో 103వ కీర్తన పాఠంలో ఇదే చెప్పాను. తొమ్మిదో తరగతి అబ్బాయి చెయ్యెత్తాడు. "అక్కా, ముక్కు లేకపోతే ఆ ఐదు నెలలూ అది ఏం తింటుంది?"

నా దగ్గర జవాబు లేదు. ఇంటికెళ్లి వెతికితే అదంతా కల్పన అని తేలింది. ఏ పక్షీ అలా చేయదు. కీర్తనలో ఉన్నది పక్షిరాజు యౌవనం అన్న ఒక్క మాటే. ముక్కూ బండా మనవాళ్లు తగిలించినవి. నేను పదేళ్లుగా ఏటా చెబుతున్నాను.

మాది చీరాల దగ్గర పల్లె. ఇంట్లో కుట్టుమిషన్ మీద బతుకుతాం. ఆదివారం పొద్దున ఏడున్నరకి మా సంఘంలో పద్దెనిమిది మంది పిల్లలకి పాఠం చెబుతాను. రోజూ చూసే వస్తువుల్లోంచి వాక్యం చెప్పడం నాకు అలవాటు. ఆ అలవాటు మానలేదు గానీ, ఒక పద్ధతి పెట్టుకున్నాను.

1. ఉపమానంలో చేత్తో ముట్టుకోగల వస్తువు ఏదో రాసుకోవాలి.
2. దాన్నుంచి ఏ పాఠం వస్తుందనుకుంటున్నానో ముందే చీటీ మీద రాసి, ఖాళీ హార్లిక్స్ సీసాలో వేసి మూత పెట్టాలి.
3. ఆ వస్తువుతో కనీసం మూడుసార్లు చేసి చూడాలి. కొలతలు రాయాలి.
4. అప్పుడు చీటీ విప్పాలి. జరిగినదానికి సరిపోతే "నిలిచింది", లేకపోతే "తప్పింది".
5. తప్పితే మార్చాల్సింది చీటీని. కొలతను కాదు.

సామాను: నా టేపు, పచ్చళ్లు చేసి అమ్మే పక్కింటి పిన్ని దగ్గర అడిగి తెచ్చిన డిజిటల్ కాటా, ఫోన్‌లో స్టాప్‌వాచ్, మామయ్యగారి తండ్రి ధాన్యం కొలవడానికి వాడిన ఇనప కుంచం, ఒక నోటుబుక్కు.

మొదలెట్టకముందే రెండు పాఠాలు కొట్టేశాను. ఒకటి, ప్రార్థనంటే ఫోన్ చార్జింగ్ అనే పాఠం. రెండోది, దేవుడితో సంబంధమంటే సిగ్నల్ అనేది. ఆ వారం గాలివానకి మా టవర్ రెండు రోజులు పనిచేయలేదు. "దేవుడి టవర్ కూడా పడిపోతుందా అక్కా?" అని ఒక పిల్ల అడిగింది. దాన్ని పరీక్ష పెట్టే అవసరం రాలేదు.

దశ 1: దీపం, కుంచం (జులై)

మత్తయి 5:15. దీపము వెలిగించి కుంచము క్రింద పెట్టరు.

చీటీ: "విశ్వాసం దాచుకుంటే ఎవరికీ కనబడదు."

మొదటిసారే పొరపాటు చేశాను. కుంచం అటక మీద ఉంది, దించడానికి బద్ధకించి వెదురు బుట్ట బోర్లించాను. దీపం ఆరలేదు. బుట్ట సందుల్లోంచి వెలుతురు చుక్కలు చుక్కలుగా వచ్చింది, చూడటానికి బాగానే ఉంది. నాలుగో నిమిషంలో కాలిన వాసన. బుట్ట అడుగు నల్లబడింది. 120 రూపాయల బుట్ట పోయింది. పిల్లలతో చేసేవాళ్లు బుట్ట జోలికి వెళ్లకండి. పక్కన నీళ్ల చెంబు ఉంచుకోండి.

తర్వాత కుంచం దించాను. నీళ్లు పోసి కొలిస్తే 5 లీటర్ల 600 మిల్లీలీటర్లు పట్టింది. లెక్క ప్రకారం నాలుగు మానికలు ఒక కుంచం. అయితే మానిక ఊరూరికీ మారేది కాబట్టి మీ ఇంటి కుంచం ఇంకోలా ఉండొచ్చు. గ్రీకులో ఉన్న మాట మోదియోస్. అదీ ధాన్యం కొలిచే పాత్రే, సుమారు తొమ్మిది లీటర్లది. తెలుగులో కుంచం అనడం ఎంత సరిపోయిందో అప్పుడు తెలిసింది. ఇద్దరి ఇళ్లలోనూ అది గింజలు కొలిచేదే.

చేసిన పద్ధతి:

1. ప్రమిదలో ఆముదం, ఒక వత్తి. చదునైన గచ్చు మీద పెట్టాలి.
2. మంట నిలకడగా అయ్యేదాకా రెండు నిమిషాలు ఆగాలి.
3. కుంచం బోర్లించి స్టాప్‌వాచ్ నొక్కాలి. అంచు కింద సందు ఉండకూడదు. మా కుంచం అంచు ఒకచోట నొక్కుకుపోయి ఉంది, అక్కడ తడి గుడ్డ పెట్టాను.
4. లోపల మంట ఉందో లేదో కనబడదు కాబట్టి పది సెకన్లకోసారి ఎత్తి చూశాను.

నాలుగో మెట్టు తప్పు. ఎత్తిన ప్రతిసారీ కొత్త గాలి పోయి మంట మళ్లీ లేచేది. రెండున్నర నిమిషాలైనా ఆరలేదు. అప్పుడు మార్చాను. ఒకసారి అరవై సెకన్లకి, ఇంకోసారి డెబ్బైకి, మరోసారి ఎనభైకి, అలా ప్రతిసారీ కొత్తగా వెలిగించి చూశాను. అరవైకి మంట వడిలిపోయి నీలంగా ఉంది. డెబ్బైకి ఒకసారి ఉంది, ఒకసారి లేదు. ఎనభైకి మూడుసార్లూ ఆరిపోయింది.

చీటీ విప్పాను. "కనబడదు" అని రాసుకున్నాను. జరిగింది అది కాదు. కుంచం కింద దీపం ఎవరికీ కనబడకుండా లోపల వెలుగుతూ ఉండదు, ఒకటింపావు నిమిషంలో చచ్చిపోతుంది. ఇన్నేళ్లూ ఆ వాక్యాన్ని పొరుగువాళ్ల కోసం అనుకున్నాను. దీపం సంగతి ఆలోచించనే లేదు.

*ఇప్పటిదాకా: పాఠాలు 1. నిలిచింది 0, తప్పింది 1. ఖర్చు: ప్రమిద 10, ఆముదం 60, బుట్ట 120. మొత్తం 190 రూపాయలు.*

దశ 2: పోయిన నాణెం (జులై చివర, ఆగస్టు)

లూకా 15లో పది వెండి నాణేల స్త్రీ. ఒకటి పోతే దీపం వెలిగించి, ఇల్లు ఊడ్చి, దొరికేదాకా వెతుకుతుంది.

చీటీ: "పోయింది చిన్నదైనా దేవుడికి విలువైనదే."

మొదటిసారి: చర్చి వెనక చాపలు, విరిగిన బెంచీలు పడేసే గదిలో రూపాయి బిళ్ల పారేశాను. కిటికీ మూసి, రెండు టార్చిలూ ఒక చీపురూ ఇచ్చాను. పద్దెనిమిది మందీ హుషారుగా దిగారు. ఆరు నిమిషాలకి పదకొండు మంది మిగిలారు. తొమ్మిదో నిమిషంలో ఒకడు బయటికొచ్చి, "అక్కా, నేనే ఒక రూపాయి ఇస్తాలే" అన్నాడు. ఆట అయిపోయింది. ఆ బిళ్ల ఇంకా దొరకలేదు.

రెండోసారికి వాక్యం దగ్గరికి మళ్లీ వెళ్లాను. గ్రీకులో అక్కడున్నది ద్రాక్మా అనే వెండి నాణెం. విలువలో అది దాదాపు దేనారంతో సమానం. మత్తయి 20లో ద్రాక్షతోట యజమాని రోజంతటికీ ఒప్పుకున్న కూలీ ఒక దేనారం. మన పక్క ఉపాధి హామీ పనికి 2024-25లో రోజు కూలీ 300 రూపాయలు. మూడు వంద నోట్లు కవర్లో పెట్టి, విషయం పిల్లలకి చెప్పి దాచాను. పదిహేడు నిమిషాలు వెతికారు. ఒక్కరూ బయటికి రాలేదు. గది మొత్తం ఊడ్చారు, నేను చెప్పకుండానే. తల్లి ఉపాధి పనికి వెళ్లే పిల్ల ఒకత్తి చాపలన్నీ విప్పి దులిపింది. "మా అమ్మ తట్ట మోస్తే వచ్చే డబ్బులు" అంది. కవర్ దొరికింది కూడా దానికే.

మూడోసారి మళ్లీ డబ్బు పెట్టి తప్పు చేశాను. పది నిమిషాలకి ఒకడు ఇంకొకడి జేబు తడిమాడు. అరుపులు, ఏడుపులు, ఒకరి చొక్కా గుండీ తెగింది. కవర్ బెంచీ కిందే ఉంది. గుండీ నేనే కుట్టిచ్చాను. ఆ పిల్లాడి తల్లికి క్షమాపణ చెప్పుకున్నాను. అసలు డబ్బు వాడకండి. అట్టముక్క మీద "ఒక రోజు కూలీ" అని రాసి పెడితే చాలు. నాలుగోసారి అలాగే చేశాం, పద్నాలుగు నిమిషాల్లో దొరికింది, బిస్కెట్లు పంచాను.

చీటీ తప్పింది. నాణెం చిన్నది కాదు. ఒక రోజు చెమట. "ఒక చిన్న నాణెం కోసం కూడా" అని నేను చెప్పినప్పుడల్లా ఆ స్త్రీని కాస్త పిసినారిని చేశానన్నమాట.

*ఇప్పటిదాకా: పాఠాలు 2. నిలిచింది 0, తప్పింది 2. ఖర్చు: బిస్కెట్లు 60. మొత్తం 250. (రూపాయి బిళ్ల లెక్కలో వేయలేదు.)*

దశ 3: పాత బట్ట, కొత్త మాసిక (ఆగస్టు, సెప్టెంబరు)

మత్తయి 9:16. పాత బట్టకు క్రొత్త బట్ట మాసిక ఎవడును వేయడు. కుట్టు నా సొంత పని కాబట్టి తేలికనుకున్నాను.

చీటీ: "కొత్తది ముడుచుకుని పాతదాన్ని చింపుతుంది."

పాత చొక్కా మీద దుకాణంలో కొన్న బట్ట మాసిక వేసి మూడుసార్లు ఉతికాను. ఏమీ కాలేదు. ఇంకో రెండు ఉతుకులు. అప్పుడూ ఏమీ కాలేదు. టేపు పెట్టి చూస్తే 10 × 10 సెంటీమీటర్ల ముక్క 10 × 10గానే ఉంది. అది పాలిస్టర్ కలిసిన మిల్లు బట్ట, ముడుచుకోదు. చొక్కా కూడా టెరికాటన్, చిరగదు. ఈ రోజుల్లో వాక్యాన్ని ఇంట్లో దొరికే గుడ్డలతో చేసి చూస్తే వాక్యమే అబద్ధమనిపిస్తుంది.

చీరాల వెళ్లి మగ్గం మీదినుంచి దిగిన కోరా నూలు బట్ట అర మీటరు తెచ్చాను. ఇంకా గంజి వాసన పోలేదు. మామయ్యగారి నలిగిన పంచె అడిగి తీసుకున్నాను.

1. కోరా బట్టలో 10 × 10 ముక్కలు మూడు కత్తిరించాను. పడుగు (నిలువు దారం) వైపు పెన్సిలుతో గుర్తు పెట్టాను.
2. ఒకటి ఉత్తినే వేడినీళ్లలో నానబెట్టి ఆరేశాను. పడుగు వైపు 9.3, పేక (అడ్డ దారం) వైపు 9.7 వచ్చింది.
3. రెండోది తడపకుండా పంచె చిరుగు మీద మిషన్‌తో కుట్టాను, కుట్టు చిన్నగా పెట్టి.
4. మూడోది తడిపి ఆరేసి, ఇస్త్రీ చేసి, అప్పుడు కుట్టాను.

రెండో ముక్క మొదటి ఉతుకుకే చుట్టూ కుచ్చుళ్లు పడింది. నాలుగో ఉతుకులో మూల దగ్గర పంచె సెంటీమీటరున్నర చిరిగింది, సరిగ్గా కుట్టు పక్కనే. మూడో ముక్క ఆరు ఉతుకులకీ చెక్కుచెదరలేదు.

ఇది చూసి నాకు నవ్వొచ్చింది. జాకెట్టు లైనింగ్ తడిపి ఆరేశాక కుట్టాలని మా వీధిలో టైలరింగ్ నేర్చుకునే పిల్లకి కూడా తెలుసు. ఆరేళ్ల కింద పండగ హడావిడిలో తడపకుండా కుట్టిన జాకెట్టు ఒకటి ఉతికాక చంకలో పిగిలింది. కుట్టించుకున్నావిడ దాన్ని నా మిషన్ మీద పడేసి వెళ్లింది. ఆ వాక్యం అన్నేళ్లుగా నా ఒళ్లోనే ఉంది. ఆ గ్రీకు మాట కూడా ఉత్త "కొత్త" కాదు, "చాకలి చేతిలో పడని" బట్ట అని అర్థం.

పిల్లలకి మూడు ముక్కలూ చూపించాను. గద్ద ముక్కు అడిగిన అబ్బాయే మళ్లీ: "అయితే అక్కా, కొత్త బట్టకి ముందు బాప్తిస్మం ఇచ్చేస్తే పాత బట్టకి కూడా కుట్టొచ్చా?"

క్లాసంతా నవ్వింది. నేనూ నవ్వాను గానీ రాత్రి నిద్ర పట్టలేదు. పాస్టరుగారిని అడిగితే ఆయన చాలాసేపు గడ్డం గోక్కుని, "ఆ ఉపమానం అంత దూరం లాక్కెళ్లడానికి కాదమ్మా" అన్నారు. నిజమే. కానీ ఉపమానాన్ని ఎంతవరకు లాగాలో, ఎక్కడ వదిలేయాలో ఎవరు గీత గీస్తారు? ఈ ప్రశ్న నోటుబుక్కు చివరి పేజీలో రాసుకున్నాను. అది అక్కడే ఉంది.

*ఇప్పటిదాకా: పాఠాలు 3. నిలిచింది 1, తప్పింది 2. ఖర్చు: కోరా బట్ట 70. మొత్తం 320.*

దశ 4: నిస్సారమైన ఉప్పు (సెప్టెంబరు చివర నుంచి నవంబరు)

మత్తయి 5:13. ఉప్పు నిస్సారమైతే మనుష్యులచేత త్రొక్కబడుటకే గాని మరి దేనికీ పనికిరాదు. ఎక్కువ రోజులు పట్టింది, ఎక్కువ తిట్లు తిన్నది ఇక్కడే.

చీటీ: "ఉప్పులాగా మనం ఉన్నచోట రుచి ఇవ్వాలి." ఇప్పుడు చూస్తే ఇది చీటీయే కాదు, క్యాలెండరు మీద రాసుకునే మాట.

కష్టం ఏంటంటే ఉప్పు సారం పోగొట్టుకోదు. ప్యాకెట్ ఉప్పు పళ్లెంలో పోసి మూడు వారాలు ఎండలో పెట్టాను, తడిపాను, మళ్లీ ఆరబెట్టాను. నాలుక మీద వేసుకుంటే అంతే ఉప్పగా ఉంది. నీళ్లలో వేస్తే కరిగి మొత్తం పోతుంది, రుచి లేని ఉప్పు మాత్రం మిగలదు. మరి ఏసుప్రభువు చెప్పింది దేని గురించి?

చినగంజాం వెళ్లాను. అక్కడ ఉప్పు మళ్లు ఉన్నాయి. ఉప్పునీటిని ఒక మడి నుంచి ఇంకో మడికి పారిస్తూ ఎండకి చిక్కబరుస్తారు. చిక్కబడేటప్పుడు ముందుగా దిగేది జిప్సం. తర్వాత ఉప్పు గడ్డకడుతుంది. చివర మిగిలే చేదునీళ్లలో మెగ్నీషియం లవణాలుంటాయి. తెల్లగా పైనుంచి లాగిన ఉప్పు బస్తాలకి వెళ్తుంది. మడి అడుగున మట్టితోనూ జిప్సంతోనూ కలిసి గీకితే వచ్చేది బూడిదరంగులో ఉంటుంది. అది కిలో ఇమ్మని అడిగాను. పనిచేసే పెద్దాయన నన్ను ఎగాదిగా చూసి, "ఇది కూరలోకి పనికిరాదమ్మా" అని డబ్బులు తీసుకోకుండానే ఇచ్చాడు.

అటు వెళ్లినప్పుడు పెదగంజాం వైపు బకింగ్‌హామ్ కాలువ చూసి రాకుండా ఎలా ఉంటాను? 1876-78 కరవులో ఒంగోలు బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ ఈ కాలువలో కొన్ని మైళ్ల తవ్వకం కాంట్రాక్టు తీసుకుని ఆకలితో ఉన్నవాళ్లకి పని ఇచ్చాడు. తట్టలు దించి కూర్చున్నప్పుడే వాళ్లు వాక్యం విన్నారు. తిండి కోసం చేరారన్న మాట రాకూడదని కరవు నడిచినన్నాళ్లూ ఆయన బాప్తిస్మాలు ఆపాడు. తర్వాత 1878 జూలై 3న గుండ్లకమ్మ ఒడ్డున ఒక్క రోజే 2,222 మంది తీసుకున్నారు. పార పట్టినచోటే పాఠం చెప్పడం మా పక్క సంఘాలకి కొత్తేమీ కాదు. గద్దలు మధ్యలో వచ్చాయి.

ఉప్పు దగ్గరికి వద్దాం.

1. బూడిదరంగు ఉప్పు సరిగ్గా కిలో తూచి పల్చటి గుడ్డలో మూట కట్టాను.
2. అడుగున చిల్లున్న కుండలో పెట్టి పెరట్లో వానకి వదిలాను.
3. వాన పడిన ప్రతి వారం ఎండబెట్టి తూచాను.

మొదటి కుండని కరివేపాకు మొక్క పక్కన పెట్టాను. వారానికి ఆకులు పసుపు, రెండో వారానికి మొక్క కట్టెపుల్ల. అత్తయ్య తొమ్మిదేళ్లుగా పెంచిన చెట్టు. "ఏసయ్య ఉప్పు సారం పోతుందన్నాడు గానీ నా కరివేపాకు సారం పోతుందనలేదే!" అన్నారు. నాలుగు రోజులు నాతో మాట్లాడలేదు. కుండ కింద ప్లాస్టిక్ టబ్బు పెట్టండి, మొక్కలకి దూరంగా పెట్టండి. కొత్త మొక్క కొని పెట్టాను గానీ, అది ఇంకా జానెడే ఉంది.

తూకాలు: మొదట 1000 గ్రాములు. ఒక వారానికి 610. రెండో వారం వాన తక్కువ, 540. మూడో వారం ముసురు పట్టింది, 190. ఐదో వారానికి 95, ఆ తర్వాత దిగలేదు.

ఆ 95 గ్రాములు చూడటానికి ఉప్పులాగే ఉంది, గరుకుగా, తెల్లటి పలుకులతో. నాలుక మీద పెట్టుకుంటే సుద్ద. పిల్లల్లో ధైర్యవంతులు నలుగురు రుచి చూసి తుపుక్కున ఊశారు. మత్తయిలో మాట ఇదేనని అనిపించింది. ఉప్పు ఉప్పుగా ఉండి సారం పోగొట్టుకోదు. ఉప్పు వెళ్లిపోయి, ఉప్పు ఆకారం మాత్రం అక్కడ మిగులుతుంది. పేరు అదే, మూట అదే.

చినగంజాం పెద్దాయనని అడిగాను, అడుగు గీకిన దాన్ని మీరేం చేస్తారని. "గట్టు మీద పోస్తాం, నడవటానికి" అన్నాడు. నేనాయనకి వాక్యం చెప్పలేదు. మనుష్యులచేత త్రొక్కబడుటకే అన్నది గుర్తొచ్చి నేనే కాసేపు మాట్లాడలేకపోయాను.

*ఇప్పటిదాకా: పాఠాలు 4. నిలిచింది 1, తప్పింది 3. ఖర్చు: ప్యాకెట్ ఉప్పు 25, చార్జీలు 100, కరివేపాకు మొక్క 40. మొత్తం 485.*

దశ 5: పుల్లని పిండి (డిసెంబరు)

మత్తయి 13:33. మూడు కుంచముల పిండిలో దాచిపెట్టిన పుల్లని పిండి.

చీటీ: "కొంచెం చాలు."

మా కుంచంతో మూడు కుంచాలంటే పదహారు లీటర్ల పైన పిండి. వాళ్ల కొలత ఇంకా పెద్దది, వంద మందికి తగ్గకుండా సరిపోయే రొట్టె. ఆదికాండము 18లో అబ్రాహాము శారాని మూడు మానికల పిండి పిసకమన్నదీ అదే కొలత, మన బైబిల్లో అక్కడ మానిక, ఇక్కడ కుంచం అయింది. నేను కిలో కిలో చేశాను.

గోధుమపిండి, నీళ్లు కలిపి రోజూ కొంచెం కొత్త పిండి వేస్తూ ఏడు రోజులు పులియబెట్టాను. మొదటిసారి నాలుగో రోజుకి గులాబీ రంగు మచ్చలు, పాచివాసన. పారేశాను. మూత గట్టిగా బిగించి ఉతికిన బట్టల నీడలో పెట్టడం తప్పు. రెండోసారి పల్చటి గుడ్డ కట్టి వంటింట్లో పెడితే బుడగలు వచ్చాయి.

1. కిలో పిండిలో 50 గ్రాములు: పద్నాలుగు గంటలకి రెట్టింపైంది.
2. కిలోలో 10 గ్రాములు: ఇరవై ఆరు గంటలు పట్టింది, కానీ పొంగింది.
3. ఏమీ కలపనిది: ఇరవై ఆరు గంటలకీ ముద్ద ముద్దగానే.

చీటీ నిలిచింది. కానీ రెండో ముద్దని క్రిస్మస్ పనుల్లో మర్చిపోయి రెండు రోజులు అలాగే వదిలేశాను. గిన్నె దాటి పొంగి, కూలిపోయి, జిగటగా, ముక్కు మూసుకునే పులుపు. ఇడ్లీ పిండి అయినా ఇంతే కదా అన్నారు అత్తయ్య. కరివేపాకు గొడవ తర్వాత నాతో మాట్లాడిన మొదటి పొడుగు వాక్యం అది.

అసలు చిక్కు క్లాసులో వచ్చింది. మత్తయి 16లో పరిసయ్యుల పులిసిన పిండి గురించి జాగ్రత్తపడమన్నారు. కొరింథీయుల మొదటి పత్రికలో కొంచెం పులిసిన పిండి ముద్దంతటినీ పులియచేస్తుందని హెచ్చరిక. "అయితే ఇది మంచిదా చెడ్డదా?" అని ముగ్గురు ఒకేసారి అడిగారు. పిండి ముందు పెట్టుకుని నేను చెప్పగలిగింది ఒక్కటే: పిండికి ఆ తేడా తెలియదు. అందులో దాచింది ఏదైనా మొత్తం అవుతుంది, తర్వాత ఏరి బయటికి తీయలేం. ఒకడు నిజంగానే ఏరడానికి వేళ్లు పెట్టాడు.

*ఇప్పటిదాకా: పాఠాలు 5. నిలిచింది 2, తప్పింది 3. ఖర్చు: గోధుమపిండి 5 కిలోలు 225. మొత్తం 710.*

దశ 6: ఆవగింజ (నవంబరు మధ్య నుంచి ఫిబ్రవరి)

మత్తయి 13:31-32. పరలోకరాజ్యాన్ని ఆవగింజతో పోల్చిన ఉపమానం. దీన్ని ఉప్పు ఇంకా వానలో ఉండగానే మొదలెట్టాను.

చీటీ: "అన్నిటికంటే చిన్న గింజ, పక్షులు నివసించే చెట్టు."

మొదటి సగం క్లాసులోనే కూలింది. గ్రాము ఆవాలు తూచి లెక్కపెట్టమన్నాను, 330 దగ్గర వచ్చాయి. అప్పుడు ఒక పిల్ల ఇంటికి పరుగెత్తి గుప్పెట్లో గసగసాలు తెచ్చి పక్కన పోసింది. ఆవగింజ పుచ్చకాయలా కనబడింది. ఏసుప్రభువు నాటి రైతు పొలంలో చల్లుకునే విత్తనాల్లో చిన్నది అని ఆ తర్వాత సర్దిచెప్పాను. ముందే తెలుసుకుని చెప్పాల్సింది.

పోపుడబ్బాలోంచి ఇరవై గింజలు, నాలుగు కుండీలు.

* 5వ రోజు: 13 మొలిచాయి. రెండు కుండీల్లో కొన్ని గింజలు చీమలు మోసుకుపోయాయి.
* 12వ రోజు: కుండీకి ఒకటే ఉంచి మిగతావి పీకేశాను. పీకడానికి పిల్లలు ఒప్పుకోలేదు, రెండు ఏడుపులు.
* 41వ రోజు: పువ్వు. ఎత్తు 74 సెంటీమీటర్లు.
* 60వ రోజు: 112 సెంటీమీటర్లు. ఇక పెరగలేదు.

పక్షులు రాలేదు. ఒక్క పిచ్చుక వాలినా కాండం వంగిపోయేది. గలిలయలో పెరిగే నల్ల ఆవ రెండు మీటర్లు దాటుతుంది, మన పోపు ఆవ వేరు. వచ్చింది పేనుబంక, మొక్క రసం పీల్చే సన్నటి పురుగు. 50వ రోజు నాటికి పూగుత్తులు నల్లగా కప్పేసింది. వేపనూనె సబ్బునీళ్లలో కలిపి రెండు కుండీలకి కొట్టాను. మిగతా రెండు కొట్టకుండా వదిలాను, పోల్చి చూడటానికి.

వారం తర్వాత కొట్టని కుండీల మీద అక్షింతల పురుగులు. పిల్లలు లెక్కపెట్టారు, ఒక మొక్క మీద 9, ఇంకోదాని మీద 14. పేనుబంకని తింటున్నాయి. మందు కొట్టిన మొక్కల మీద పేనుబంకా లేదు, అక్షింతల పురుగూ లేదు. "పక్షులు రాకపోయినా వీళ్లొచ్చారు కదా, ఇవీ ఎగురుతాయి" అన్నాడు గద్ద ముక్కు అబ్బాయి. రాసుకున్నాను గానీ దాన్ని పాఠం చేయలేదు. నాకు ఇప్పుడు తొందర లేదు.

చీటీ తప్పిందనే వేశాను.

*మొత్తం: పాఠాలు 6. నిలిచింది 2, తప్పింది 4. ఖర్చు: కుండీలు 240, మట్టీ ఎరువూ 80, వేపనూనె 90. మొత్తం 1,120 రూపాయలు. ఎనిమిది నెలలు.*

మీరు చేయబోతే

1. చీటీ తప్పకుండా ముందే రాయండి. తర్వాత రాస్తే మనం ఎప్పుడూ కరెక్టే.
2. కాటా లేకపోతే ఉప్పు పాఠం మొదలెట్టకండి.
3. ఒక పాఠానికి నెల పడుతుంది. మిగతా ఆదివారాలకి వాక్యం మామూలుగా చదివి చెప్పండి, పిల్లలకేమీ విసుగు రాలేదు.
4. "తెలియదు" అని చెప్పిన ఆదివారాల లెక్క కూడా రాయండి. నాది 11.

ఫిబ్రవరి మొదటి వారంలో కాయలు ఎండాయి. ఒక్కో మొక్క గింజలు విడిగా కాగితంలో చుట్టి తూచాను. మందు కొట్టినవి 6 గ్రాములు, 5 గ్రాములు. కొట్టనివాటిలో ఒకటి 3 గ్రాములు. నాలుగోదాన్ని తూచడానికి కాటా తెచ్చేలోపల అత్తయ్య ఆ పొట్లం విప్పి ఆదివారం మధ్యాహ్నం పులిహోరకి పోపు పెట్టేశారు.

అందుకే నాలుగో మొక్క లెక్క ఇందులో లేదు.